శిశువు చూపును శోధించిన హెల్మ్‌హోల్ట్జు

వెన్నెల రాత్రులలో తల్లి బిడ్డను చంకనెత్తుకొని గోరుముద్దలు తినిపించుచు చందమామను చూపించును. బిడ్డ రెండు చేతులును చాచి ఆ చందమామను పట్టుకొనబోవును. శ్రీరామచంద్రుడు పసితనమున చంద్రుడు కావలెనని మారాము చేయగా, అద్దములో చంద్రబింబమును చూపి ఊరడించిరని మన పెద్దలు కథగా చెప్పుదురు. ఆ కథను విని మనమందరము నవ్వుకొనియే యుందుము. కాని నవ్వు ఆగిన పిమ్మట ఒక ప్రశ్న మిగులును. సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్న చంద్రుడు చేతికందునని బిడ్డ యేల తలంచును? ఏది దగ్గర, ఏది దూరము, ఏది మెట్టు, ఏది గొయ్యి అను వివేకము మనుజునకు పుట్టుకతో వచ్చునా, లేక నేర్చుకొనగా వచ్చునా? నేర్చుకొనునదే యైనచో ఎప్పుడు, ఎట్లు నేర్చును?

ఈ ప్రశ్నకై తన జీవితమున అనేక సంవత్సరములు వెచ్చించిన మహనీయుడు జర్మను దేశీయుడగు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జు. ఆయన కీర్తిశేషుడై నూట ముప్పది యేండ్లు దాటినవి. భౌతికశాస్త్రము చదివినవారు ఆయనను శక్తి నిత్యత్వ సూత్రకర్తలలో నొకనిగా ఎరుగుదురు. కంటివైద్యులు కంటి లోపలి భాగమును చూపు పరికరమును కనుగొన్నవానిగా ఎరుగుదురు. సంగీత శాస్త్రజ్ఞులు నాదతత్త్వమును వివరించినవానిగా ఎరుగుదురు. ఈ గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆయన చరిత్రను స్మరించుకొనుటకు రెండు కారణములు గలవు. ఒక గ్రంథాలయములోని పాత పుస్తకములే ఆయనకు దారి చూపినవి. ఇది మొదటి కారణము. ఆయన లేవనెత్తిన ప్రశ్నకు లభించిన సమాధానము మన యిండ్లలోని పసిబిడ్డల చూపునకు సంబంధించినది. ఇది రెండవ కారణము. దీనిని ఆలస్యముగా తెలిసికొన్నచో కలుగు నష్టమును పూరించుట కష్టము.

బాల్యము

హెల్మ్‌హోల్ట్జు 1821వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన బెర్లిను నగరమునకు చేరువనున్న పోట్స్‌డామ్ పట్టణమున జన్మించెను. తండ్రి ఫెర్డినాండు ఆ పట్టణమునందలి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. భాషలయందును, తత్త్వశాస్త్రమునందును ఆయనకు మక్కువ మెండు. సంపద మాత్రము స్వల్పము. హెర్మన్ జ్యేష్ఠపుత్రుడు. మొదటి ఏడేండ్లు ఆ బాలుడు తరచు జబ్బుపడుచు, చాలకాలము గదిలోనే, మంచముమీదనే గడపవలసి వచ్చెను. బొమ్మల పుస్తకములును, కొయ్యదిమ్మెలును ఆతనికి చెలికాండ్రైనవి. ఆ దిమ్మెలను పేర్చుచు, త్రిప్పుచు, ఒకదానిపై నొకటి నిలుపుచు నుండుటచే, పిమ్మట పాఠశాలలో క్షేత్రగణితము చెప్పునప్పుడు అందలి సత్యములు పెక్కు ఆతనికి ముందే తెలిసియుండెను. ఉపాధ్యాయులు ఆశ్చర్యపడిరి. చేతులతో నేర్చినది కంటికిని బుద్ధికిని ఎట్లు అక్కరకు వచ్చునో ఆతడు తన శైశవముననే అనుభవించెను.

ఆ బాల్యమునాటి మరియొక సంగతిని పెద్దవాడైన పిమ్మట ఆయన తన గ్రంథమున వ్రాసికొనెను. మిక్కిలి చిన్నతనమున తల్లితో కలిసి వీథిని పోవుచు పోట్స్‌డామ్ లోని ఒక దేవాలయ గోపురమును చూచెను. ఆ యెత్తైన గోపురముపై వరండాలో కొందరు మనుష్యులు నిలిచియుండిరి. బాలుని కంటికి వారు చిన్న బొమ్మలవలె కనబడిరి. చేయి చాచి ఆ బొమ్మలను తీసి తనకిమ్మని ఆతడు తల్లిని కోరెను. తల్లికి అవి అందుననియే ఆతని నమ్మకము. చంద్రుని కోరిన బాలరామునకును, గోపురముపై మనుష్యులను బొమ్మలని కోరిన ఈ జర్మను బాలునకును భేదమేమి? ఆ బాలుడు పెద్దవాడై ఆ పొరపాటును మరువక, దాని కారణమును వెదకుటయే విశేషము.

విద్య, గ్రంథాలయము

పాఠశాలలో ఆతనికి కంఠస్థము చేయుట కష్టముగా నుండెను. సంబంధము లేని మాటలు ఆతని జ్ఞాపకమున నిలువవు. కాని తండ్రి పుస్తకములలోని భౌతిక, రసాయన శాస్త్ర గ్రంథములను ఆత్రముతో చదివెను. కంటద్దములను, తండ్రి యొద్దనున్న చిన్న భూతద్దమును సమకూర్చి దుర్భిణుల వంటి పరికరములను చేసికొనెను. తరగతిలో తక్కినవారు లాటిను కావ్యములు చదువుచుండగా, ఆతడు బల్లక్రింద కాగితముపై దూరదర్శినిలో కాంతికిరణములు పోవు త్రోవను లెక్కించుచుండెడివాడు.

భౌతికశాస్త్రము చదువవలెనని ఆతని కోరిక. తండ్రి జీతమునకు ఆ చదువు మించినది. అందువలన 1838లో బెర్లిను నగరమున ప్రభుత్వ ఖర్చుతో వైద్యము నేర్పు సైనిక వైద్యసంస్థలో చేరెను. ఉచితముగా చదువు చెప్పినందులకు ప్రతిగా ఎనిమిదేండ్లు సైన్యమున వైద్యుడుగా పని చేయవలెనని కట్టుబాటు. అక్కడ యోహానెస్ ముల్లరు అను శరీరధర్మ శాస్త్రవేత్త ఆతనికి గురువయ్యెను. ఒక యేడు సన్నిపాతజ్వరము వచ్చి ఆతడు ఆసుపత్రిలో ఉచితముగా చికిత్స పొందెను. అప్పుడు ఖర్చుకాక మిగిలిన భత్యముతో ఒక చిన్న సూక్ష్మదర్శినిని కొనెను. దానితోనే పరిశోధన సాగించి 1842లో వైద్యపట్టమును పొందెను.

విద్యార్థిగా నున్నప్పుడే ఆ సంస్థ గ్రంథాలయమున సహాయకుడుగా కొంతకాలము పని చేసెను. అచ్చట దుమ్ముపట్టియున్న బెర్నూలీ, డాలంబర్ మున్నగు గణితవేత్తల గ్రంథములను బయటికి తీసి చదివెను. వైద్యవిద్యార్థికి ఆ గ్రంథములతో పనిలేదు. చదువుమని ఎవరును చెప్పలేదు. కాని ఆ పఠనమే పిమ్మట మహావృక్షమైనది. సైన్యమున వైద్యుడుగా పనిచేయుచునే, 1847 జూలై 23వ తేదీన, ఇరువదియైదేండ్ల ప్రాయమున, బెర్లినులోని భౌతికశాస్త్ర సంఘమున శక్తి నిత్యత్వమును గూర్చి ఒక వ్యాసమును చదివెను. ప్రపంచమున శక్తి రూపము మారునే గాని నశింపదనియు, క్రొత్తగా పుట్టదనియు గణితముతో నిరూపించెను. జర్మనీలో మేయరు, ఇంగ్లండులో జౌలు ఇదే మార్గమున అంతకుముందే నడచియుండిరి. హెల్మ్‌హోల్ట్జు దానిని ప్రకృతి యంతటికిని వర్తింపజేసెను. ప్రసిద్ధమైన ఒక శాస్త్రపత్రిక ఆ వ్యాసమును ప్రచురించుటకు నిరాకరించెను. ఆయన దానిని చిన్న పుస్తకముగా ప్రకటించెను. కాలక్రమమున అది శాస్త్రచరిత్రలో నిలిచిపోయినది.

కంటిలోనికి తొంగిచూచుట

ఆయన ప్రతిభను గుర్తించి, ప్రభుత్వము 1848లో ఆయనను సైనికోద్యోగము నుండి ముందుగానే విడుదల చేసెను. మరుసటి యేడు ఓల్గా ఫన్ వెల్టెన్ అను యువతిని వివాహమాడి, కోనిగ్స్‌బర్గు విశ్వవిద్యాలయమున శరీరధర్మ శాస్త్రాచార్యుడయ్యెను. అక్కడనే కప్ప నరముపై ప్రయోగములు చేసి, నరములలో వార్త పోవు వేగమును కొలిచెను. అంతవరకు ఆ వేగమును కొలువనలవి కాదని పెద్దలు తలంచియుండిరి. అది సెకనుకు సుమారు 27 మీటర్లు మాత్రమేయని తేలెను. ఆ ప్రయోగములలో భార్య ఆయనకు సహాయపడెను.

1850లో విద్యార్థులకు కంటిని గూర్చి పాఠము చెప్పుటకై సిద్ధపడుచుండగా ఆయనకు ఒక ఆలోచన తోచెను. మనుష్యుని కంటిపాప ఎల్లప్పుడు నల్లగా కనబడుటకు కారణమేమి? లోపలికి పోయిన వెలుతురు వచ్చిన దారినే తిరిగిపోవును. దానిని చూడవలెనన్నచో చూచువాని కన్ను ఆ దారిలోనే యుండవలెను. కాని అప్పుడు వాని తలయే దీపమునకు అడ్డుపడును. ఈ చిక్కును విడదీయుటకు ఆయన పలుచని గాజుపలకలను ఏటవాలుగా నిలిపెను. దీపపు వెలుతురు ఆ పలకపై పడి రోగి కంటిలోనికి పోవును. తిరిగివచ్చు వెలుతురు పలకగుండ వైద్యుని కంటికి చేరును. కంటద్దములు, అట్ట, జిగురు, గాజుపలకలు, ఇవియే ఆ మొదటి పరికరమునకు సామగ్రి. దానితో సజీవమైన మనుష్యుని కంటి వెనుకనున్న రెటీనా అను పొరను ఆయన స్పష్టముగా చూచెను. 1851లో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. కంటివైద్యమునకు అదియే నూతనయుగము. నేడు కంటి ఆసుపత్రిలో వైద్యుడు చిన్న దీపముగల పరికరముతో మన కంటిలోనికి తొంగిచూచినప్పుడు, ఆ పరికరము ఆనాటి అట్టముక్కల సంతానమేయని గుర్తుంచుకొనవలెను.

రెండు కన్నులేల?

1855లో ఆయన బాన్ నగరమునకును, 1858లో హైడెల్‌బర్గు నగరమునకును ఆచార్యుడుగా పోయెను. ఈ కాలమున దృష్టిశాస్త్రమును గూర్చిన మహాగ్రంథమును మూడు భాగములుగా, 1856, 1860, 1867 సంవత్సరములలో ప్రకటించెను. నడుమ కష్టములు రాకపోలేదు. 1859 చివర భార్య ఓల్గా చిరకాల వ్యాధిచే మరణించెను. ఇరువురు పసిబిడ్డలు తల్లిలేనివారైరి. 1861లో ఆయన అన్నా ఫన్ మోల్ అను విదుషీమణిని పరిణయమాడెను.

ఆ గ్రంథము మూడవ భాగమున ముఖ్యవిషయము, మనము లోతును ఎట్లు చూతుమనునదే. పాఠకులు ఇప్పుడే ఒక చిన్న పరీక్ష చేసికొనవచ్చును. ముఖమునకు ఎదురుగా ఒక వ్రేలు నిలిపి, ఒకసారి కుడికన్నును, ఒకసారి ఎడమకన్నును మూసి చూడుడు. వ్రేలు గోడపై అటునిటు జరిగినట్లు కనబడును. రెండు కన్నుల నడుమ ఎడము పెద్దలలో సుమారు 6 సెంటీమీటర్లు. కావున రెండు కన్నులకును కనబడు చిత్రములు ఒక్కటి కావు; వానిలో కొంచెము భేదముండును. ఆ స్వల్పభేదమునుండియే మెదడు లోతును గ్రహించును. ఒక కన్ను మూసికొని సూదిలో దారమెక్కింప జూచినవారికి దీని విలువ తెలియును.

ఈ రహస్యమును స్పష్టముగా చాటినవాడు ఇంగ్లండు దేశీయుడగు చార్లెస్ వీట్‌స్టన్. 1838లో ఆయన స్టీరియోస్కోపు అను అద్దముల పరికరమును లోకమునకు చూపెను. ఒకే వస్తువును కుడికన్ను చూచినట్లొకటి, ఎడమకన్ను చూచినట్లొకటి రెండు చిత్రములు గీసి, ఒక్కొక్క కంటికి ఒక్కొక్క దానిని చూపగా, చదునైన కాగితమునుండి వస్తువు లేచి నిలిచినట్లు కనబడెను. హెల్మ్‌హోల్ట్జు ఒక అడుగు ముందుకు వేసెను. 1857లో అద్దములతో రెండు కన్నుల ఎడమును పెంచినట్లుగా చేయు పరికరమును నిర్మించెను. దానిలోనుండి చూడగా, మామూలుగా చదునుగా తోచు దూరపు కొండలు చేతితో చేసిన బొమ్మకొండలవలె ఎత్తుపల్లములతో కనబడినవి.

ఎరుకలేని ఊహ

ఇంతవరకు వివాదము లేదు. రెండు చిత్రముల భేదమును లోతుగా గ్రహించు శక్తి మెదడునకు ఎక్కడిదనునదే వివాదము. హెల్మ్‌హోల్ట్జు దీనికి చెప్పిన సమాధానమును మన తర్కశాస్త్ర పరిభాషలో చెప్పుట సులభము. కొండపై పొగను చూచి అక్కడ నిప్పున్నదని మనము ఊహింతుము. పొగ యున్నచోట నిప్పుండుటను వంటయింట అనేకసారులు చూచియుంటిమి గనుక ఆ యూహ కలుగుచున్నది. చూపుకూడ ఇట్టి అనుమానమేయని హెల్మ్‌హోల్ట్జు మతము. కంటికి చేరునవి గుర్తులు మాత్రమే. శిశువు చేయి చాచి తాకుచు, నోట పెట్టుకొనుచు, తల త్రిప్పుచు, ప్రాకుచు ఆ గుర్తులకు అర్థము నేర్చుకొనును. అనేకసారులు నేర్చిన పిమ్మట ఆ యూహ ఎంత వేగముగా జరుగుననగా, ఊహించుచున్నామను సంగతియే మనకు తెలియదు. అందువలన దానికి ఎరుకలేని ఊహ యని పేరు పెట్టెను.

తన మాటకు నిదర్శనముగా ఆయన ఒక చక్కని ప్రయోగము చేసెను. వస్తువులను ప్రక్కకు జరిపి చూపు పట్టకపు గాజులను కన్నులకు పెట్టుకొని, ఎదుటి వస్తువును ముట్టుకొనబోయెను. మొదట చేయి ప్రక్కకు పోయెను. కొంతసేపు అట్లే ప్రయత్నింపగా చేయి సరిగా వస్తువును చేరసాగెను. గాజులు తీసివేసినప్పుడు చేయి రెండవ ప్రక్కకు తప్పెను. పెద్దవానికే కన్నును చేయియు కొద్దిసేపటిలో తమ పొందికను మార్చుకొనగలిగినచో, శిశువు మొదటినుండి ఆ పొందికను నేర్చుకొనుటలో వింత యేమున్నది?

అంతకు నూరేండ్లకు పైబడి ముందు జరిగిన ఒక సంగతియు ఈ చర్చలో తరచు వచ్చుచుండెను. 1728లో లండనునందలి ఛెసెల్డెన్ అను శస్త్రవైద్యుడు, శైశవమునుండి చూపులేని పదుమూడేండ్ల బాలునకు కంటిలోని పొరను తొలగించి చూపు తెప్పించిన వృత్తాంతమును ప్రకటించెను. ఆ బాలునకు మొదట దూరమను భావమే కలుగలేదు. చర్మమునకు వస్తువులు తగులునట్లు, చూచినవన్నియు తన కన్నులను తాకుచున్నట్లు ఆతనికి తోచెనట. చూపు వచ్చినంత మాత్రమున చూచుట రాదనుటకు దీనిని పలువురు సాక్ష్యముగా చూపిరి.

హెరింగుతో వాదము

ఈ మతమును గట్టిగా ఎదిరించినవాడు హెల్మ్‌హోల్ట్జు కంటె పదుమూడేండ్లు చిన్నవాడగు ఎవాల్డు హెరింగు. దూరమును, లోతును గ్రహించు శక్తి నేర్చుకొనునది కాదనియు, కంటి నిర్మాణముననే పుట్టుకతో ఇమిడియున్నదనియు ఆయన వాదించెను. ఈ పక్షమునకు మన పశువుల కొట్టమే సాక్ష్యము చెప్పగలదు. ఆవు ఈనిన గంటసేపటికే దూడ లేచి నిలిచి, గోడకు కొట్టుకొనక, తల్లి పొదుగు దగ్గరకు పోవును. గ్రుడ్డు పగిలి వెలువడిన కోడిపిల్ల గింజను గురిచూచి పొడుచును. వీనికి ఎవరు నేర్పిరి? మనుష్యశిశువు మాటయే వేరనియు, ఆ శిశువునకు పుట్టుకతో వచ్చునది స్వల్పమనియు, నేర్చుకొను శక్తి మాత్రము అధికమనియు రెండవ పక్షమువారి సమాధానము.

ఇరువురును మహాశాస్త్రజ్ఞులే. శిష్యుల కాలమున ఈ వాదము మరింత తీవ్రమయ్యెను. కాని శిశువు మాటలాడలేడు. తనకేమి కనబడుచున్నదో చెప్పలేడు. కావున ఆ కాలమున దీనిని తేల్చు ఉపాయము ఎవరికిని లేకపోయెను.

చివరి సంవత్సరములు

1871లో హెల్మ్‌హోల్ట్జు బెర్లిను విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. బాల్యమున ధనములేక చదువలేకపోయిన శాస్త్రమునకు ఏబదియవయేట ఆయన పీఠాధిపతి యయ్యెను. విద్యుత్తరంగములను కనుగొన్న హైన్రిఖ్ హెర్ట్జు ఆయన శిష్యుడే. మాక్స్ ప్లాంకును ఆయన పాఠములు వినెను. పాఠము చెప్పుటలో మాత్రము ఆయన అంత సమర్థుడు కాడు. ముందుగా సిద్ధపడక, తడబడుచు, చిన్న పుస్తకమున అంకెలు వెదకుకొనుచు చెప్పెడివాడనియు, శ్రోతలు క్రమముగా తగ్గిపోయిరనియు ప్లాంకు తరువాత వ్రాసెను. మహాపురుషుల లోపములను దాచుట వారికి గౌరవము కాదు. కనుక ఇదియు చెప్పవలసియున్నది.

1883లో ప్రభుత్వము ఆయనకు ప్రభుపదవి నిచ్చెను. 1888లో కొలతల ప్రమాణములను పరిశోధించు జాతీయసంస్థకు ఆయన మొదటి అధ్యక్షుడయ్యెను. 1893లో అమెరికాలోని చికాగో ప్రదర్శనమునకు పోయి తిరిగి వచ్చుచు, ఓడమెట్లపై పడి తలకు గాయము తగిలి చాల రక్తము పోయెను. 1894 ఆరంభముననే ప్రియశిష్యుడు హెర్ట్జు ముప్పదియారేండ్లకే మరణించుట చూడవలసివచ్చెను. ఆ యేడు జూలైలో పక్షవాతము వచ్చి, సెప్టెంబరు 8వ తేదీన హెల్మ్‌హోల్ట్జు కన్నుమూసెను.

ఆయన పిమ్మట తేలిన సంగతులు

మాటలాడలేని శిశువును ప్రశ్నించు ఉపాయములు ఇరువదవ శతాబ్దిలో దొరకినవి. 1960లో అమెరికాలో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనువారు ఒక బల్లపై దళసరి గాజుపలకను పరచి, ఒక ప్రక్క గాజు క్రిందనే గళ్లగుడ్డను, రెండవ ప్రక్క చాల లోతున గళ్లగుడ్డను ఉంచిరి. ప్రాకుచున్న బిడ్డలను నడుమనుంచి, తల్లులచేత రెండు ప్రక్కలనుండియు పిలిపించిరి. పరీక్షించిన 36 మంది బిడ్డలలో 27 మంది కదలి, లోతులేని ప్రక్కకు ప్రాకిరి. ముగ్గురు మాత్రమే లోతు కనబడు ప్రక్కకు పోయిరి. ప్రాకునాటికి బిడ్డకు లోతు తెలియునని దీనిచే తేలెను. పిమ్మట మరికొందరు రెండు నెలల శిశువులను ఆ గాజుపై పరుండబెట్టి గుండెవేగమును కొలిచిరి. లోతు ప్రక్కన గుండె నెమ్మదించెను. అనగా శిశువు భేదమును గమనించెను గాని భయపడలేదు. భయము ప్రాకుట అలవాటైన పిమ్మటనే కలుగుచున్నది. చూచుట ముందు, చూచినదాని అర్థము తెలియుట తరువాత.

రెండు కన్నుల కలయిక సంగతియు తేలినది. పుట్టిన క్రొత్తలో శిశువు కన్నులు ఒక్కొక్కసారి రెండు వైపులకు పోవును. రెండు మూడు నెలలకు అవి కలిసి తిరుగ నేర్చును. చుక్కలు చల్లినట్లుండి, రెండు కన్నులతో చూచినప్పుడే రూపము కనబడు చిత్రములను 1980 ప్రాంతమున శిశువులకు చూపి, వారి చూపు ఆ రూపమువెంట పోవుచున్నదా యని పరీక్షించిరి. సాధారణముగా మూడవ నెలకును ఐదవ నెలకును నడుమ ఈ శక్తి పొడచూపి, పిమ్మట కొద్ది వారములలోనే మిక్కిలి పదునెక్కుచున్నదని తెలిసెను. చదునైన బొమ్మలోని నీడలను, పెద్దచిన్నలను చూచి దూరమును పోల్చుకొనుట అంతకంటె ఆలస్యముగా, ఐదు మొదలు ఏడు నెలల ప్రాయమున వచ్చును.

అమెరికాలో హూబెల్, వీజెల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1960 దశకమున పిల్లికూనలపై చేసిన పరిశోధనలు మరియొక సత్యమును వెల్లడించినవి. రెండు కన్నుల వార్తలను కలుపు కణములు మెదడులో పుట్టుకతోనే సిద్ధముగా నున్నవి. ఈ యంశమున హెరింగు మాట నిజము. కాని శైశవమున ఒక కన్నును మూసియుంచినను, కన్నులకు మెల్ల కలిగించినను ఆ కలయిక చెడిపోవును. వాడుకలేనిదే అది నిలువదు. ఈ యంశమున హెల్మ్‌హోల్ట్జు మాట నిజము. ఈ కృషికి వారిరువురును 1981లో నోబెలు బహుమానమున భాగస్వాములైరి. ఇరువురు పెద్దలును ఊహింపని సంగతి ఒకటి వీనిలో నున్నది. నేర్చుకొనుటకు అదను గలదు. విత్తనము మంచిదైనను, అదను తప్పిన పైరు సరిగా పండదు. కన్నుల నేర్పును అట్టిదే.

మన దేశమున పవన్ సిన్హా అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును, పుట్టుకతో పొరలుగల బిడ్డలకు శస్త్రచికిత్స చేయించి, వారి చూపును పరిశోధించిరి. 2011లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, క్రొత్తగా చూపు వచ్చిన అయిదుగురు బిడ్డలు, చేతితో తాకి ఎరిగిన వస్తువును వెంటనే కంటితో గుర్తింపలేకపోయిరి. కాని కొన్నాళ్లలోనే నేర్చిరి. పెద్దపిల్లలైన పిమ్మట చికిత్స జరిగినను చూపు కొంత వచ్చుననియు, శైశవముననే జరిగినచో వచ్చునంత పదునుగా రాదనియు వారి కృషివలన తెలియుచున్నది.

మనము గ్రహింపవలసినది

ఈ చరిత్రమును చదివి పుస్తకము మూసివేయుటకు ముందు మన యిండ్లలోని బిడ్డలవైపు ఒకసారి చూడవలెను. మెల్లకన్ను అదృష్టమని మనలో కొందరు చెప్పుదురు. పెద్దయిన తరువాత తానే సరియగునని మరికొందరు ఊరకుందురు. మొదటి మూడు నెలలలో కన్ను అప్పుడప్పుడు తప్పుట సహజమే. నాలుగవ నెల దాటిన పిమ్మటకూడ కన్ను ప్రక్కకు పోవుచున్నను, ఏ వయసుననైనను ఎల్లప్పుడు ఒకవైపే తిరిగియున్నను కంటివైద్యునకు చూపవలెను. కంటిపాపలో తెల్లదనము కనబడినచో ఒక్కదినమైనను ఆలసింపరాదు.

మెల్లకన్నుగల బిడ్డ మెదడు రెండు చిత్రములు కలియక తికమకపడి, ఒక కంటి వార్తను వినుట మానివేయును. ఆ కన్ను పైకి బాగుగనే యుండియు చూపు మందగించును. అద్దములతోను, మంచికంటిని ప్రతిదినము కొంతసేపు మూసి రెండవకంటిచేత పని చేయించుటతోను, అవసరమైనచో శస్త్రచికిత్సతోను దీనిని చక్కజేయుదురు. పుట్టిన కొలది నెలలలోనే వచ్చిన మెల్లను మొదటి రెండేండ్లలో సరిచేసినచో, లోతు చూచు శక్తి కొంతయైన దక్కు నవకాశము హెచ్చు. మందగించిన చూపునకు ఏడెనిమిదేండ్ల లోపల చికిత్స బాగుగా ఫలించును. అటుపిమ్మట ఆశ పూర్తిగా పోదు గాని పని కష్టమగును.

గోపురముపై మనుష్యులను బొమ్మలనుకొన్న బాలుడు తన పొరపాటును సిగ్గుపడి దాచుకొనలేదు. దానినే ప్రశ్నగా మలచుకొని జీవితమంతయు వెదకెను. ఆయన చెప్పినదంతయు నిలువలేదు. నిలిచినంతవరకు లోకమునకు మేలు చేసినది. గ్రంథాలయములో ఏ మూల బీరువాలోని పుస్తకము ఏ పిల్లవాని చేత పడి ఎట్టి ఫలమునిచ్చునో ఎవరు చెప్పగలరు? ఇరువదియైదేండ్లుగా ఈ తలుపులు తెరచియుంచినవారి శ్రమకు అదియే సార్థకత. రేపు చందమామకై చేతులు చాచు బిడ్డను చూచి నవ్వుకొనునప్పుడు, ఆ రెండు కన్నులును ఒక్కటిగా ఆ చందమామపై నిలిచినవా యని తల్లులు ఒక్క క్షణము పరికింతురు గాక.